రెండు ఫోన్లు, ఒక వెదురుకర్ర, ఒక పాత ఇల్లు

ఒడిశాలోని బరంపురంలో మా ఇల్లు పన్నెండు అడుగుల వెడల్పు. పొడవు మాత్రం వీధి అరుగు నుంచి పెరటి బావి దాకా డెబ్బై అడుగుల పైమాటే. 1936కు ముందు, మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మా ముత్తాత ఇటుకా సున్నంతో కట్టించిన ఇల్లు ఇది. పక్కింటి గోడే మా గోడ. గదులన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి.

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో కేబుల్, వైఫై కనెక్షన్లు ఇచ్చే పని చేస్తున్నాను. వీధి గదిలో పెట్టిన రూటరు సిగ్నల్ వంటింటికి ఎందుకు చేరదని ఇలాంటి ఇళ్లవాళ్లందరూ నన్నే అడుగుతారు. జవాబు కోసం మా ఇంట్లోనే అడుగడుగునా సిగ్నల్ బలం రాసుకోవడం మొదలుపెట్టాను. రాయగా రాయగా ఆ అంకెల్లో ఇల్లే కనిపించింది. గోడ ఎక్కడుంది, ఇనప బీరువా ఎక్కడుంది, అటక మీద ఏముంది అన్నీ తేలాయి. ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెబుతాను. రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఏడెనిమిది అడుగుల వెదురుకర్ర, కొలత టేపు, సుద్దముక్క, ఒక గళ్ల నోటుపుస్తకం చాలు. వాటికంటే ఎక్కువ కావలసింది రెండు ఆదివారాల ఓపిక.

ముందు సూత్రం. చీకటి గదిలో దీపం పెడితే వస్తువుల నీడలు గోడ మీద పడతాయి. దీపం ఒకే చోట ఉంటే ఆ నీడ బిందెదో, బుట్టదో చెప్పలేం. దీపాన్ని నాలుగు చోట్లకు మార్చి నాలుగు నీడలూ గీసుకుంటే వస్తువు రూపం తెలుస్తుంది. వైఫై తరంగం కూడా అంతే. గోడలో, నీళ్లలో, మనిషి ఒంట్లో కొంత ఇంకిపోతుంది. ఇనుము తగిలితే వెనక్కి మళ్లుతుంది. అందుకే ఒక ఫోనును హాట్‌స్పాట్‌గా పెట్టి దాన్ని దీపం ఫోను అంటాను. రెండోది కొలత ఫోను. దీపాన్ని చోటు మారుస్తూ, ఎత్తు కూడా మారుస్తూ నీడలు కొలవడమే మొత్తం పని. ఎత్తు మార్చడం అన్న మాటను మరిచిపోకండి. చాలామంది దీపాన్ని ఒకే బల్ల మీద ఉంచి, కొలత ఫోనును ఒకే చేతి ఎత్తులో పట్టుకుని నడుస్తారు. అలా వచ్చేది నేల పటం మాత్రమే. ఇంటికి నిలువు కూడా ఉంది.

ఈ దారి నేను కనిపెట్టినది కాదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో జోయీ విల్సన్, నీల్ పట్వారీ ఇలా సిగ్నల్ నీడలతో బొమ్మ కట్టే పద్ధతిని 2010లో ప్రచురించారు. 2017లో శాంతా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యాసమిన్ మోస్తోఫీ బృందం రెండు డ్రోన్లను ఇటుక కట్టడం చుట్టూ ఎగరేసింది. ఒకటి వైఫై పంపితే రెండోది దాని బలాన్ని కొలిచింది. ఆ బలం అంకెలతోనే గోడల లోపలి రూపాన్ని మూడు కొలతల్లో కట్టారు. డ్రోను చేసిన పని మన ఇంట్లో వెదురుకర్ర చేస్తుంది. వాళ్లంత నునుపైన బొమ్మ రాదు కానీ బీరువా అంత వస్తువు, రాగి గంగాళం అంత వస్తువు తప్పకుండా దొరుకుతుంది.

దీపం ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, దాన్ని తీసేయండి. కొలత ఫోనును ఆ హాట్‌స్పాట్‌కే కలిపి, గుర్తుపెట్టుకున్న మిగతా వైఫై పేర్లన్నీ తుడిచేయండి. నా మొదటి ప్రయత్నం ఇక్కడే చెడింది. కొలత ఫోను మధ్య గదిలో నాకు తెలియకుండా మా ఇంటి రూటరుకు మారిపోయింది. రెండు వరసల అంకెలు అనుమానం వచ్చేంత బాగున్నాయి. ఆ పేజీలు కొట్టేసి మళ్లీ కొలవవలసి వచ్చింది.

అంకె చూడడానికి వైఫై అనలైజర్ లాంటి ఉచిత ఆప్ చాలు. అయితే ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక ఆప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి స్కాన్ చేయకుండా కట్టడి పెట్టారు. ఆండ్రాయిడ్ 10, ఆ పైన ఉన్న ఫోన్లలో డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి ఆ కట్టడి తీసేయవచ్చు. డిప్లొమా చదువుతున్న మా మేనకోడలు ఇంతకంటే మంచి దారి చూపింది. ఫోనులో ఆదేశాలు టైపు చేసి నడిపే టెర్మక్స్ అనే ఆప్‌తో, కలిసి ఉన్న కనెక్షన్ బలాన్ని సెకనుకోసారి అడిగి ఫైల్లో రాసుకునే నాలుగు వరసల ప్రోగ్రాం రాసి ఇచ్చింది. ఏ పద్ధతైనా లొకేషన్ అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. ఐఫోనులో బయటి ఆప్‌లకు ఈ అంకెలు మామూలుగా అందవు కాబట్టి ఆండ్రాయిడే తీసుకోండి.

ఆ అంకె డీబీఎం అనే సిగ్నల్ బలం కొలమానంలో ఉంటుంది, సున్నాకు కింద ఉంటుంది. −30 అంటే మిల్లీవాటులో వెయ్యో వంతు. −60 అంటే పది లక్షల్లో ఒక వంతు. −90 అంటే వంద కోట్లలో ఒక వంతు. 3 తగ్గిందంటే బలం సగమైనట్టు, 10 తగ్గిందంటే పదో వంతుకు పడిపోయినట్టు. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క కంఠస్థం చేయండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

కొలతకు ముందు మేడ మీదకు వెళ్లి రెండు ఫోన్ల మధ్య ఒక మీటరు, రెండు, నాలుగు, ఎనిమిది మీటర్ల దూరంలో అంకెలు రాసుకోండి. నాకు −36, −42, −47, −54 వచ్చాయి. ఒక మీటరు దగ్గర వచ్చిన అంకె మీ ఫోన్ల జత గుర్తు. మరో జతకు అది పనికిరాదు. పని తొందరగా అవుతుందని మూడు ఫోన్లను ఒకే కర్రకు మూడు ఎత్తుల్లో కట్టాలని మొదట అనుకున్నాను. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చోట ఒకటి −50 అంటే ఇంకొకటి −56 అంది. అప్పటి నుంచి ఒక్క ఫోనుతోనే కొలుస్తున్నాను.

ఇక ఇల్లంతా ఒకేసారి కొలవాలని చూడకండి. నేను మధ్య మూడు గదులు, ముప్ఫై ఆరు అడుగుల పొడవు తీసుకున్నాను. మేస్త్రీలు వాడే దారం లాగి, గచ్చు మీద ప్రతి మూడడుగులకూ సుద్దతో చుక్క పెట్టాను. వెడల్పులో మూడు చుక్కలు, పొడవులో పన్నెండు, మొత్తం ముప్ఫై ఆరు. ఒక్కో చుక్క దగ్గర మూడు ఎత్తులు: అడుగున్నర, నాలుగున్నర, ఏడున్నర. అంటే నూట ఎనిమిది చోట్లు. కర్ర మీద ఆ మూడు ఎత్తుల దగ్గర గాట్లు పెట్టి, ఫోనును రబ్బరు బ్యాండ్లతో కట్టాను. కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీశాను. ఫోను ముఖం ఎప్పుడూ ఒకే దిక్కుకు, మాకు వీధి వైపుకు ఉండాలి. ఇనప పలక ఉన్న కవర్లు తీసేయండి.

ఒక్కో చోట ఒక్క అంకె చూసి రాసుకుంటే ఆ పటం దేనికీ పనికిరాదు. కారణం చెబుతాను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. దీపం ఫోను నుంచి నేరుగా వచ్చే తరంగం, గోడకు తగిలి చుట్టూ తిరిగి వచ్చే తరంగం ఒకచోట కలిసి బలపడతాయి, బెత్తెడు అవతల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బెత్తెడు జరిగితే అంకె పది, పదిహేను కూడా మారుతుంది. ఆ మార్పుకు ఏ వస్తువూ కారణం కాదు. అందుకని ప్రతి చోట కర్రను జానెడు వలయంలో ఇరవై సెకన్లపాటు మెల్లగా తిప్పాలి. వచ్చిన అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమి అంకెను తీసుకోవాలి. సగటు కంటే నడిమి అంకె నమ్మదగినది, ఒకటి రెండు పిచ్చి అంకెలు దాన్ని కదపలేవు.

మీ ఒళ్లు కూడా అడ్డే. మన శరీరంలో నీళ్లు ఎక్కువ, నీళ్లు ఈ తరంగాన్ని మింగుతాయి. దీపం ఫోనుకూ కొలత ఫోనుకూ మధ్య ఎప్పుడూ నిలబడకండి. కర్రకు అవతల, చేయి చాచినంత దూరంలో నిలబడండి. ఫ్యాన్లు ఆపండి. ఇంట్లో వాళ్లను గంటసేపు అరుగు మీద కూర్చోమనండి. మా అమ్మ దేవుడి గదిలో దీపం పెట్టి వస్తానని ఒక్కసారి లోపలికి వెళ్లి వచ్చేసరికి ఆ వరసలో ఏడు అంకెల తేడా వచ్చింది. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఇంటినిండా చుట్టాలుంటారు, వీధి నిండా ఫోన్లుంటాయి.

దీపానికి నాలుగు చోట్లు ఎంచాను. వీధి గదిలో నాలుగున్నర అడుగుల స్టూలు మీద ఒకటి, వంటింటి గుమ్మం పక్కన అడుగున్నర పీట మీద ఒకటి, మధ్య గది పక్కగోడ గూట్లో ఏడున్నర అడుగుల ఎత్తున ఒకటి, వీధి గదిలోనే నిచ్చెన మీద ఏడున్నర దగ్గర ఒకటి. కింది దీపం నుంచి పై చోటుకు, పై దీపం నుంచి కింది చోటుకు గీతలు ఏటవాలుగా సాగాలి. అవే నిలువును కోసి చూపిస్తాయి. మొత్తం నాలుగు వందల ముప్ఫై రెండు కొలతలు. ఒక్కోటి ఇరవై సెకన్లు అంటే దాదాపు రెండున్నర గంటలు. కర్ర జరపడం, రాసుకోవడం కలుపుకుంటే రెండు ఆదివారాల మధ్యాహ్నాలు పట్టింది.

ఇప్పుడు లెక్క. గదులను మూడడుగుల ఘనాలుగా ఊహించండి. మాకు వెడల్పులో నాలుగు, పొడవులో పన్నెండు, ఎత్తులో మూడు, మొత్తం నూట నలభై నాలుగు గడులు. ఒక కొలత తీసుకుందాం. దీపానికీ కొలత చోటుకూ మధ్య ఇరవై నాలుగు అడుగులు, అంటే 7.3 మీటర్లు. అడ్డు లేకపోతే మీటరు దగ్గరి −36 నుంచి 17 తగ్గి −53 రావాలి. వచ్చింది −67. పద్నాలుగు మాయమైంది. ఆ పద్నాలుగును, దీపం నుంచి చోటు దాకా సాగే సరళరేఖ దాటిన ఎనిమిది గడులకూ సమానంగా పంచండి. ఒక్కో గడికి 1.75 వస్తుంది. నిజంగా దోషం వాటిలో ఏ ఒకటో రెండో గడులదే, మిగతావి అమాయకమైనవి. కానీ ఈ గీత ఒక్కటే ఆ తేడా చెప్పలేదు. ఇదే పని అన్ని గీతలకూ చేసి, ఒక్కో గడి మీద పడిన వంతులన్నీ కూడి, ఆ గడి మీదుగా పోయిన గీతల సంఖ్యతో భాగించండి. ఖాళీ గడి మీదుగా నష్టం లేని గీతలు కూడా పోయి ఉంటాయి కాబట్టి దాని సగటు పడిపోతుంది. వస్తువున్న గడి సగటు మాత్రం దిగదు. ఆసుపత్రిలో సీటీ స్కాను చేసే లెక్కకు ఇది తొలి మెట్టు. కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాం పట్టికతో ఒక సాయంత్రంలో అయిపోతుంది.

ఏ గడి మీదుగానైనా అయిదు గీతల కంటే తక్కువ పోతే దాని అంకెను నమ్మకండి. దాన్ని ఖాళీగా వదిలేయడమే నిజాయితీ. మూలల్లో ఇలాంటివి ఎక్కువ.

బొమ్మ గీయడానికి నాకు కంప్యూటర్ కంటే ట్రేసింగ్ కాగితం నచ్చింది. మూడు కాగితాల మీద ఒకే గళ్లు గీసి, నేల దగ్గర, నడుము ఎత్తు, తల పైన అని పేర్లు పెట్టి, నష్టం ఎక్కువున్న గడులను పెన్సిలుతో ముదురుగా నింపాలి. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఇల్లు కనిపిస్తుంది. గదుల మధ్య గోడలు మూడు కాగితాల్లోనూ నల్లగా వస్తాయి. గుమ్మాలు కింది రెండింటిలో తెల్లగా, పై దానిలో నల్లగా వస్తాయి. బీరువా కింది రెండింటిలో ఉంటుంది, పై దానిలో సగం. గుమ్మం నడుము ఎత్తు, తల పైన కాగితాల తేడాలో మొదటిసారి కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

మధ్య గదిలో తల పైన కాగితం మీద మాత్రం అర్థం కాని నల్ల మచ్చ ఒకటి వచ్చింది. ఎడమ గోడకు ఆనుకుని రెండు గడులు. కింద చూస్తే ఏమీ లేదు, నడుము ఎత్తులోనూ లేదు. నా కొలత తప్పనుకుని మర్నాడు ఆ చుట్టుపక్కల చోట్లన్నీ మళ్లీ కొలిచాను. మచ్చ కదలలేదు. దీపాన్ని గూట్లో పెట్టినా, నిచ్చెన మీద పెట్టినా దాని నీడ అక్కడి నుంచే బయలుదేరుతోంది. కాగితాన్ని చూస్తున్న మేనకోడలు, “మామయ్యా, అక్కడ అటక ఉంది కదా, ఎక్కి చూశారా?” అని అడిగింది. ఎన్నో ఏళ్లుగా ఎక్కలేదు. నిచ్చెన వేసి చూస్తే పాత చాపల కింద బోర్లించిన నాయనమ్మ గంగాళం ఉంది. పెళ్లిళ్లకు నీళ్లు కాచిన పెద్ద రాగి గంగాళం. అది అమ్మేశారని నేను అనుకుంటూ వచ్చాను. నేల పటం మాత్రమే గీసి ఉంటే అది నాకు ఎన్నటికీ కనిపించేది కాదు.

వంటింట్లో కూడా కొలిచి చూస్తే తిరగబడిన లెక్క వచ్చింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను మా వెనక పెంకులను ఎగరగొట్టింది. ఆ తర్వాత ఇనప రేకులు వేయించాం. ఆ రేకుల కింద సిగ్నల్ రావలసినదాని కంటే అయిదారు అంకెలు ఎక్కువగా వచ్చింది. రేకు తరంగాన్ని పైకి పోనివ్వక కిందికి తిప్పి కొడుతోంది. ఇలాంటి గడులను సున్నా అనుకోవద్దు, ఎర్ర పెన్సిలుతో వేరుగా గుర్తుపెట్టండి. దగ్గరలో పెద్ద లోహపు తలం ఉందని దాని అర్థం. పొడవాటి నడవలో కూడా గోడల మధ్య తగులుతూ వచ్చే సిగ్నల్ కొంత బలంగానే ఉంటుంది, కాబట్టి ఒకటి రెండు అంకెల తేడాను పట్టించుకోకండి.

ఇంకా సన్నగా చూడాలంటే ఇదే పనిని 5 గిగాహెర్ట్జ్‌తో మళ్లీ చేయండి. దాని తరంగం దాదాపు ఆరు సెంటీమీటర్లే, నీడ అంచులు పదునుగా వస్తాయి. కానీ సున్నపు గోడ దాన్ని ఎక్కువగా మింగుతుంది, రెండు గోడల అవతల కొలవడానికి ఏమీ మిగలదు. ఒకే గదిలోని సామాను కోసం 5, ఇల్లంతటి కోసం 2.4 అని నేను నిర్ణయించుకున్నాను.

బలం బదులు కాలాన్ని కొలిచే పద్ధతి కూడా ఉంది. వైఫై ఆర్‌టీటీ అంటారు, 2018లో ఆండ్రాయిడ్ 9తో ఫోన్లలోకి వచ్చింది. తరంగం నానోసెకనుకు ముప్ఫై సెంటీమీటర్లు పోతుంది కాబట్టి రూటరుకు వెళ్లి వచ్చిన కాలం నుంచి దూరం తేలుతుంది. ఒకటి రెండు మీటర్ల తేడాతో ఫోను ఎక్కడుందో చెబుతుంది. ఫోనూ రూటరూ రెండూ దీన్ని ఒప్పుకోవాలి. గూగుల్ వారి వైఫైఆర్‌టీటీస్కాన్ అనే ఆప్‌తో మీ ఫోను సంగతి తేల్చుకోవచ్చు. మూడు కొలతల్లో చోటు తెలియాలంటే నాలుగు రూటర్లు కావాలి, అవి ఒకే ఎత్తులో ఉండకూడదు. నాలుగింటినీ బల్లల మీద పెడితే ఫోను పైన ఉందో కింద ఉందో లెక్కకు తెలియదు. ఒకటైనా అటక ఎక్కాలి.

ఫోను కెమెరాలా గది బొమ్మను వైఫై ఎందుకు ఇవ్వదని అడుగుతారు. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్‌లో, అంటే వైఫై వాడుకునే పౌనఃపున్యాల పట్టీలో, రెండు దారుల తరంగాలు వేరువేరుగా తెలియాలంటే ఆ దారుల పొడవులో పదిహేను మీటర్ల తేడా ఉండాలి. 160 మెగాహెర్ట్జ్‌లో కూడా దాదాపు రెండు మీటర్లు. మా గది వెడల్పే నాలుగు మీటర్లు లేదు. ప్రతిధ్వనులతో బొమ్మ కట్టడం ఫోనుకు అందుకే కష్టం, నీడల దారి అందుకే సులువు. కొన్ని ఖరీదైన ఫోన్లలోని అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే మరో రకం రేడియో 500 మెగాహెర్ట్జ్ వాడుతుంది, అక్కడ ఈ తేడా అరవై సెంటీమీటర్లకు దిగుతుంది. చదువుకునే పిల్లలుంటే కొన్ని వందల రూపాయలకు దొరికే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై సర్క్యూట్ బోర్డు కొనిపెట్టండి. ఫోను ఒకే అంకె చెప్పేచోట అది చానల్‌లోని ఒక్కో సన్నని పాయ (ఉపవాహకం) బలాన్నీ, దాని అల ఏ దశలో ఉందో కూడా విడివిడిగా చెబుతుంది. మా మేనకోడలు ఇప్పుడు దానితోనే కుస్తీ పడుతోంది.

మా లాంటి వీధుల్లో ఉన్నవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ దీపం వెలుగు గోడ దగ్గర ఆగదు. ఈ పద్ధతితో గోడ అవతల మనిషి కదలికను పట్టడం సాధ్యమే. పక్కింటి వైపు గోడకు ఆనించి దీపం ఫోను పెట్టేముందు నేను ఆ ఇంటి పెద్దమ్మగారికి నోటుపుస్తకం చూపించి, ఏం చేస్తున్నానో చెప్పాను. “మా దేవుడి గది జోలికి రావద్దు నాయనా” అన్నారు. ఆ వరస కొలవలేదు. నా కాగితాల మీద ఆ భాగం తెల్లగానే ఉంది.

నోటుపుస్తకంలో ప్రతి పేజీ పైన తేదీ, ఆ రోజు వాన పడిందో లేదో రాయండి. తడిసిన గోడ పొడి గోడ కంటే ఎక్కువ మింగుతుంది. వైశాఖంలో కొలిచిన మధ్య గది కుడి గోడను వానలు వెళ్లాక కార్తీకంలో మళ్లీ కొలిస్తే కింది కాగితంలో మూడు గడులు నాలుగు అంకెలు ముదిరాయి, పై కాగితంలో ఏ మార్పూ లేదు. మేస్త్రీని పిలిచి ఆ చోట అడుగు ఎత్తున సున్నం గీకించాను. లోపల ఇటుక ముద్దగా నానిపోయి ఉంది. పెరటి వాననీళ్ల గొట్టం ఆ గోడ మొదట్లో పగిలింది.